పండ్ల బూజుపై పరిమళముల కాపు

బత్తాయిపండ్ల పెట్టె ఒకటి ఇంటికి వచ్చినదనుకొందము. మొదటి రెండు దినములు పండ్లన్నియు నిగనిగలాడుచుండును. మూడవనాడు అడుగువరుసలో ఒక పండుమీద రూపాయి బిళ్లంత మేర మెత్తబడి, నీరు పట్టినట్లు కనిపించును. వ్రేలితో నొక్కిన లోనికి దిగును. మరునాటికి ఆ మెత్తని చోట తెల్లని నూగు లేచును. ఆ పిమ్మట నూగు నడుమ ఆకుపచ్చని పొడి పుట్టి, చుట్టును తెల్లని అంచుతో పెరిగి పెరిగి, వారము తిరుగునప్పటికి పండంతయు పచ్చని పొడిముద్దగా మారును. పెట్టెను కొంచెము కదల్చినచో ఆ పొడి పొగవలె లేచి తక్కిన పండ్లమీద వ్రాలును. ఇల్లాలు ఆ చెడిన పండును పారవైచి, ప్రక్కనున్న వానిని కొంగుతో తుడిచి మరల పెట్టెలోనే ఉంచును. రెండు దినములు గడచునప్పటికి వానిలో మరి రెండు మెత్తబడును.

ఈ పచ్చని పొడి ఒక శిలీంధ్రము. శాస్త్రజ్ఞులు దీనిని పెనిసిలియం డిజిటాటం అందురు. పెనిసిలిన్ మందునిచ్చిన బూజునకు ఇది దాయాది; కాని ఆ దాయాది సుగుణము దీనికి రాలేదు. మనము పొడి అనుకొనునది దాని సిద్ధబీజముల రాశి. బాగుగా బూజుపట్టిన ఒక్క పండుమీద అట్టి బీజములు నూరుకోట్లకు పైగా ఉండవచ్చును. అవి తోటగాలిలో ఉండును. గంపలో, కోతకూలీల చేతులమీద, గోదాము గోడలమీద ఉండును. అవి లేని చోటును వెదకుట వృథా ప్రయాస. అయితే ఒక్క విషయము మాత్రము మనకు అనుకూలముగా నున్నది. చెక్కుచెదరని తొక్కను ఛేదించుకొని లోనికి పోవు శక్తి ఈ బూజునకు లేదు. దానికొక ద్వారము కావలెను. గోరు గీచిన గీత, ముల్లు గుచ్చిన చోటు, కత్తెర మొన తగిలిన చోటు, గంప అంచు ఒరసిన చోటు—ఇవియే ద్వారములు. అట్టి గాయమునుండి ఊరిన రసము తగిలినప్పుడే సిద్ధబీజము మేల్కొని మొలకెత్తును.

దీనితోడనే తిరుగునది నీలిబూజు. దాని పేరు పెనిసిలియం ఇటాలికం. ఇది పచ్చబూజుకంటె మెల్లగా పెరుగును గాని, ఒక పండునుండి దానిని ఆనుకొనియున్న పండునకు గాయము లేకున్నను ప్రాకగలదు. అందువలన పెట్టెలో ఒక మూల గూడు కట్టినట్లు అయిదారు పండ్లు కలిసియే చెడును.

పచ్చబూజు చేయు చెరుపు ఇంతటితో ఆగదు. 1940లో జేకబ్ బియాలే అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక వింతను బయటపెట్టెను. బూజుపట్టిన పండునుండి వెలువడు వాయువు, దానిని తాకక దూరముగానున్న నిమ్మజాతి పండ్ల శ్వాసను సైతము హెచ్చించి, వాని రంగును త్వరగా మార్చుచున్నదని ఆయన గమనించెను. ఆ వాయువు ఇథిలీన్. పండ్లను మాగబెట్టునది అదియే. అనగా ఈ బూజు చేతికందిన పండును కుళ్లబెట్టుటయే గాక, అందని పండును తొందరపెట్టి ముసలిదానిని చేయుచున్నది. బూజు తన పనిని గాలిద్వారా చేయగలిగినపుడు, మనము మన కాపును గాలిద్వారానే పంపలేమా? ఈ వ్యాసమునందు మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

విచారించుటకు తగిన కారణము కలదు. అనంతపురము, నల్లగొండ జిల్లాలలో పండిన బత్తాయి దూరపు నగరముల మండీలకు లారీలలో పోవును. ప్రయాణము దినములు పట్టును. ఎండ ఎండగానే యుండును. పెట్టెలో పదింట ఒక పండు చెడినచో రైతునకు పోవునది ఆ పదవ వంతు సొమ్ము మాత్రమే కాదు. మూత తీయగానే పచ్చని పొడి కనిపించిన పెట్టెకు బేరగాడు మొత్తముమీద వెల తగ్గించును. కోతకూలి, గంపల ఖర్చు, లారీ కిరాయి చెడిన పండునకును మంచి పండునకును ఒక్కటియే. ఏడాది పొడవున నీరు పెట్టి, ఎరువు వేసి, కాపు కాచిన కష్టము చివరి నాలుగు దినములలో పొడియై పోవుట చూచినవానికి బూజు సంగతి చిన్నదిగా తోచదు.

పెద్ద పండ్ల కర్మాగారములలో ఈ బూజునకు మందులు లేకపోలేదు. 1960 దశకమునుండి థయాబెండజోలు, ఆ తరువాత ఇమజాలిలు అను మందులను నీటిలోనో మైనములోనో కలిపి పండ్లకు పట్టించుచున్నారు. అవి పనిచేయునవియే. అయితే ఒకే మందును ఏండ్ల తరబడి వాడిన చోట దానికి లొంగని బూజు తెగలు పుట్టుచున్నవి. ఇది ఒక చిక్కు. తొక్కమీద మిగులు మందును గూర్చి కొనువారికి గల సంశయము రెండవది. మనవంటి దేశమున మూడవ చిక్కు కూడ నున్నది. చిన్న రైతు పండు కర్మాగారపు గడప త్రొక్కదు. చెట్టుక్రిందనే గంపలోనికి, గంపలోనుండి లారీలోనికి పోవును. దానిని కడుగు తొట్టి ఎక్కడ? ఆరబెట్టు పంకా ఎక్కడ? తడిసి ఆరని పండును పెట్టెలో మూసిన మందు మేలుకంటె తడి చేయు కీడే ఎక్కువ.

ఆవిరి ఆలోచన ఇక్కడనే అక్కరకు వచ్చును. ఆవిరికి తొట్టి అక్కరలేదు, తడి యుండదు. మూసిన పెట్టెలో అది పండునకు పండునకు నడుమ, తొడిమ క్రింద, ద్రాక్షగుత్తిలోని గింజల సందులలో, ఏ చేయియు ఏ జల్లును పోలేని చోటికి తనంత తాను పోవును.

ఇది కేవలము ఊహ కాదు. 1930, 1940 దశకములలోనే పాశ్చాత్యదేశముల వర్తకులు బైఫినైలు అను పదార్థము పట్టించిన కాగితములో నారింజపండ్లను చుట్టి ఓడలపై పంపనారంభించిరి. కాగితమునుండి మెల్లగా లేచు ఆవిరి పెట్టెలోని పచ్చబూజును పొడి రాల్చనీయక అణచియుంచెడిది. బైఫినైలు పరిమళ ద్రవ్యము కాదు, తారునుండి తీసినది. పండునకు దాని వాసన పట్టెడిది. కాలక్రమమున దానికిని లొంగని బూజు పుట్టినది. నేడు ఐరోపా సమాఖ్యవారు ఆహారమున అనుమతించు పదార్థముల పట్టికలో దానికి చోటు లేదు. ద్రాక్షపెట్టెలలో మాత్రము గంధకపు ఆవిరి నిచ్చు పలుచని కాగితపు అట్టలు నేటికిని వాడుకలో నున్నవి. పెట్టెలోని చెమ్మ తగిలి ఆ అట్టలోని లవణము కొంచెము కొంచెముగా గంధకపు వాయువును విడుచును. మోతాదు మించినచో ద్రాక్షగింజ తొడిమ దగ్గర వెలవెలబోవును. ఇట్టి ఆవిరులు పనిచేయుననుట వర్తకమే నిరూపించినది. వాని స్థానమున మొక్కలు తామై తయారుచేసికొను ఆవిరులను నిలుపవచ్చునా అనునదే పరిశోధకులు పట్టిన దారి.

ఆ ఆవిరులు మనకు క్రొత్తవి కావు. పోపులపెట్టె మూత తీసిన ముక్కునకు తగులునవి అవియే. వాము నలిపినపుడు వచ్చు ఘాటు థైమాలు. దానినే చల్లార్చి గడ్డకట్టించి వామపువ్వు పేర అంగళ్లలో అమ్ముదురు. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము మనదేశపు వాము ఓడలకెక్కి జర్మనీకి పోయి, అక్కడ థైమాలుగా మారెడిది. కర్నూలు ప్రాంతపు రైతులు నేటికిని వాము పండించుచున్నారు. లవంగపు ఘాటు యూజెనాలు. పంటినొప్పికి లవంగతైలములో ముంచిన దూదిని పెట్టుకొన్నవారికి అది పరిచితమే. దాల్చినచెక్కకు, నిమ్మగడ్డికి, తులసికి ఇట్లే ఒక్కొక్కదానికి తన ఆవిరి కలదు.

ఆవాల సంగతి మరింత చిత్రము. పొడి ఆవాలను వాసన చూచిన ఘాటు తెలియదు. వానిని నీటితో నూరి కాసేపు ఉంచినపుడు ముక్కుపుటములు అదరును. పనసపొట్టు కూరకు ఆవ పెట్టు ఇల్లాండ్రకు ఇది తెలిసినదే. గింజలో ఒక పదార్థమును, దానిని విడగొట్టు మరియొక పదార్థమును వేరువేరు అరలలో నుండును. గింజ నలిగి చెమ్మ తగిలినపుడు రెండును కలిసి అల్లైల్ ఐసోథయోసయనేటు అను ఘాటైన ఆవిరి పుట్టును. పురుగు కొరికిన క్షణముననే ఆయుధము తయారగును. కొరకనంతవరకు మొక్కకే హాని లేదు. మొక్కకు కాళ్లు లేవు గదా! శత్రువు వచ్చిన పారిపోలేనిది తానున్న చోటనే కాపును సిద్ధపరచుకొనవలసియున్నది.

మొక్కల ఆవిరి దూరమునుండియే సూక్ష్మజీవులను చంపగలదని 1928 ప్రాంతమున రష్యాదేశపు జీవశాస్త్రజ్ఞుడు బోరిస్ టోకిన్ చెప్పెను. ఆయన ఉల్లిని, వెల్లుల్లిని తురిమి, తురుము తాకకుండ ఆవిరి మాత్రమే తగులునట్లు అమర్చి పరీక్షించెను. ఇట్టి పదార్థములకు ఫైటన్‌సైడులు అను పేరు ఆయన పెట్టినదే. తరువాత ఆ పేరు చుట్టును అతిశయోక్తులు చాల అల్లుకొన్నవి. అడవిగాలి సర్వరోగములకును మందని చెప్పువారును బయలుదేరిరి. ఆ పొట్టును చెరిగిన పిమ్మట మిగిలిన గింజ మాత్రము గట్టిదే.

ఆవిరి బూజును ఎట్లు అణచును? సిద్ధబీజమునకును, దానినుండి వచ్చు సన్నని పోగులకును చుట్టును ఒక పలుచని పొర యుండును. లోపలి లవణములను లోపలనే ఉంచి, వెలుపలివానిని వెలుపలనే ఆపు కావలి అది. ఆ పొర చాలవరకు కొవ్వు పదార్థముతో కట్టినది. థైమాలు, యూజెనాలు మొదలగునవి నీటికంటె నూనెతోనే స్నేహము చేయునవి. గాలిలో తేలుచు వచ్చి ఆ పొరలో ఇంకిపోవును. పొర వదులై లోపలి లవణములు కారిపోవును. మోతాదు చాలినంత యున్న బీజము చచ్చును. కొంచెము తక్కువైన చావదు గాని మొలకెత్తుట ఆలస్యమగును. ఈ రెండవ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. అనేక సందర్భములలో ఆవిరి బూజును చంపదు, ఆపును. మూత తీసి గాలి తగిలిన తరువాత మిగిలిన బీజము మరల తన పని మొదలుపెట్టవచ్చును. అయినను ఆరు దినముల ప్రయాణమున బూజును ఆపగలిగిన రైతునకు అంతకంటె కావలసినదేమి?

ఇక పరిశోధనల సంగతి. 1997లో అమెరికాయందలి పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున, కెర్నీస్‌విల్ పండ్ల పరిశోధనాలయమునకు చెందిన చార్లెస్ విల్సన్, ఆయన సహచరులు 345 మొక్కల రసములను, 49 సుగంధతైలములను వరుసగా పరీక్షించి చూచిరి. స్ట్రాబెర్రీ, ద్రాక్ష మొదలగువానిని చెరచు బూడిదరంగు బూజు వారి పరీక్షకు గురి. రసములలో గట్టిగా పనిచేసినవి 13 మాత్రమే. వానిలో ఉల్లి, వెల్లుల్లి జాతివియు మిరప జాతివియు ముందు నిలిచినవి. తైలములలో పామరోజా గడ్డి, థైము అను వాము వాసనగల మొక్క, దాల్చిన ఆకు, లవంగ మొగ్గ ముందునకు వచ్చినవి. వేలమైళ్ల దూరమున జరిగిన పరీక్షలో నెగ్గినవానిలో సగము మన వంటింటివే యగుట మాకు ముచ్చటగా తోచినది.

రెండు సంవత్సరములకు, 1999లో, కెనడాదేశపు గ్వెల్ఫు నగరమున చెర్రీపండ్లపై జరిగిన పరీక్ష మరింత తేటయైనది. లీటరు గాలికి 30 మిల్లిగ్రాముల చొప్పున థైమాలు ఆవిరిని 25 నిమిషములు పట్టించి, పండ్లను మూసిన సంచులలో చల్లని చోట పది వారములు నిలువచేసిరి. ఆవిరి పట్టని పండ్లలో నూటికి 36 బూడిదబూజుతో చెడగా, పట్టినవానిలో చెడినవి నూటికి అర మాత్రమే. అయితే అదే పరీక్షలో మరియొకటి కూడ బయటపడినది: ఆవిరి పట్టిన పండ్ల కాడలు ఎక్కువగా గోధుమరంగు తిరిగినవి. చెర్రీ కొనువాడు మొదట చూచునది కాడ పచ్చదనమునే. పండు నిలిచినది గాని దాని ముఖకళ తగ్గినది. ఈ చిక్కును గూర్చి కొంచెము తరువాత మరల ప్రస్తావింతుము.

2002లో ఇటలీదేశమున బొలోన్యా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆవాల ఆవిరిని పేరుపండ్లపై ప్రయోగించిరి. థయాబెండజోలునకు లొంగని నీలిబూజు తెగ సైతము ఈ ఆవిరికి లొంగినది. మందునకు అలవాటుపడిన బూజు క్రొత్త ఆవిరికి అలవాటుపడియుండదు గదా! జపానుదేశమున ఇదే ఆవిరి నిచ్చు చిన్న పలుచని అట్టలను భోజనపు పెట్టెలలో అన్నముపై నుంచు ఆచారము కలదు. మనదేశమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందు ఎన్. కె. దూబే, ఆయన శిష్యులు కుక్కతులసి, పుదీనా, అల్లపు తైలములను నారింజల నీలిబూజుపై పరీక్షించి, పండ్ల నిలువ దినములు పెరుగుటను 2004లో ప్రకటించిరి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది పండ్ల సొంత పరిమళము. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ పండ్లు పక్వమగునపుడు వెలువరించు ఆవిరులలో కొన్ని బూజును ఆపగలవని 1993లో అమెరికా పరిశోధకులు చూపిరి. పండు తనను తాను కొంతవరకు కాచుకొనుచునే యున్నదన్నమాట. మనము చేయదలచినది ఆ కాపునకు బలము చేకూర్చుటయే.

పచ్చగడ్డి కోసినపుడు వచ్చు కమ్మని వాసన మనకందరకు తెలియును. ఆ వాసనయందలి ఒక భాగము హెక్సనాలు. ఆకు తెగినపుడు దాని కొవ్వునుండియే ఇది పుట్టును. ఇది హెచ్చు మోతాదున బూజును ఆపును. తక్కువ మోతాదున పండు పొరలను శిథిలపరచు ఒక ఎంజైమును నెమ్మదింపజేసి, పండు మెత్తబడుటనే ఆలస్యము చేయును. 2012 మొదలు కొన్ని సంవత్సరములపాటు కెనడా ప్రభుత్వపు సహాయముతో గ్వెల్ఫు విశ్వవిద్యాలయము, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము, శ్రీలంకలోని పారిశ్రామిక సాంకేతిక సంస్థ కలిసి మామిడి, అరటి మొదలగు పండ్లపై దీనిని పరీక్షించినవి. మామిడితోటలలో కోతకు ముందు చల్లినచో కాయ చెట్టుననే రెండు మూడు వారములు అధికముగా నిలిచినదని వారు తెలిపిరి. అందరి కాయలును ఒక్కసారి మండీకి వచ్చి వెల పడిపోవు కాలమున, రెండు వారములు ఆగగలుగుట రైతునకు చిన్న మేలు కాదు. ఈ పరీక్షలు జరిగిన కృష్ణగిరి ప్రాంతము మన చిత్తూరు సీమను ఆనుకొనియే యున్నది. గట్టునకు ఆ వైపున పనిచేసినది ఈ వైపున పరీక్షింపదగినదే.

ఇంత మేలైనదైనచో ప్రతి పండ్ల పెట్టెలోను వామపువ్వు పొట్లము ఏల కనిపించుట లేదు? ఇక్కడనే మనము చెర్రీ కాడలకు మరల రావలెను. బూజు పొరయు కొవ్వుతో కట్టినదే, పండు పొరయు కొవ్వుతో కట్టినదే. దానిని కాల్చు ఆవిరి దీనిని కాల్చకుండునా? బూజు చచ్చు మోతాదునకును పండు తొక్క కమలు మోతాదునకును నడుమ నున్న త్రోవ మిక్కిలి ఇరుకైనది. ఆ త్రోవ ఒక్కొక్క పండునకు ఒక్కొక్క తీరుగా నుండును. మందపు తొక్కగల బత్తాయి ఓర్చుకొన్న ఘాటును పలుచని తొక్కగల పండు ఓర్వలేదు. ఎండకాలమున అదే పొట్లమునుండి ఆవిరి రెట్టింపు వేగమున లేచును. శీతల గిడ్డంగిలో సరిగా లేవనే లేవదు. గదిలో పరీక్షించిన మోతాదు లారీలో నిలువదు. ప్రయోగశాలలో గెలిచి బజారులో ఓడిన ఆవిరుల కథ పెక్కుసార్లు ఇట్లే జరిగినది.

రెండవ చిక్కు వాసన. లవంగపు వాసనగల బత్తాయిని ఎవరు కొందురు? మామిడిపండును చేతికిచ్చినపుడు మనము మొదట ముక్కునకు ఆనించుకొందుము. బంగినపల్లి పండు వామువాసన వేసినచో, అది ఎంత నిలిచినను ఇంటివారు దానిని ముట్టరు. గాలి తగులనిచ్చిన వాసన చాలవరకు పోవును గాని, తొక్కలోని మైనమునకు పట్టినది అంత సులభముగా వదలదు.

ఈ రెండు చిక్కులకును మందు ఒక్కటియే: ఆవిరిని ఒక్కసారి కాక సన్నని ధారగా విడిపించుట. అందులకై తైలమును నేరుగా పెట్టెలో ఉంచక, మైనములోనో, బంకమట్టి రేణువులలోనో, పిండినుండి తీసిన చక్కెర గూళ్లవంటి అణువులలోనో బంధించి, చిన్న పొట్లములుగా, పెట్టె లోపలి అట్టగా తయారుచేయుచున్నారు. పెట్టెలో చెమ్మ పెరిగినపుడే గూడు తెరచుకొని ఆవిరిని విడుచునట్లు చేసినవి మేలైనవి. ఏలయన బూజునకు అనుకూలమైన వేళయు అదియే. రెండు మూడు ఆవిరులను కొంచెము కొంచెముగా కలిపి ఏ ఒక్కదాని వాసనయు మించకుండ చూచుట మరియొక ఉపాయము. మా దృష్టిలో ఈ విద్య భవిష్యత్తు క్రొత్త తైలమును కనుగొనుటలో కంటె ఈ పొట్లమును చక్కబరచుటలోనే యున్నది. పొట్లము వెల పెట్టెకు ఒకటి రెండు రూపాయలు దాటినచో చిన్న రైతు దానివైపు చూడడనుట కూడ మరువరాదు.

మామిడి విషయమున మరియొక హెచ్చరిక. మామిడిపండును చెరచు నల్లమచ్చ తెగులునకు బత్తాయి బూజువలె గాయము అక్కరలేదు. పిందె దశయందే, వాన తడిలో, అది తొక్కలోనికి దూరి అలికిడి లేకుండ పొంచియుండును. కాయ పచ్చిగా నున్నంతకాలము తొక్కలోని సహజ పదార్థములు దానిని అణచియుంచును. పండు మాగగానే ఆ బలము తగ్గి నల్లని మచ్చలు పైకి వచ్చును. అట్లు తొక్కలో తలదాచుకొన్న శత్రువును పైపై ఆవిరి చేరుట కష్టము. దానికి కోసిన వెంటనే 52 నుండి 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల నీటిలో 5 నుండి 10 నిమిషములు కాయలను ముంచి తీయుట చిరకాలముగా తెలిసిన ఉపాయము. కొలమానము లేక కంటి అంచనాతో నీరు కాచినచో కాయ ఉడికిపోవును.

పండు కోయుట దగ్గర చేసిన తప్పును ఏ ఆవిరియు దిద్దజాలదు. మామిడిని చిక్కముతో, ముచ్చిక కొంచెము మిగులునట్లు కోసి, సొన తొక్కమీద పడకుండ తలక్రిందులుగా నుంచవలెను. బత్తాయిని లాగి త్రెంపరాదు. మొన మొద్దుగానున్న కత్తెరతో కత్తిరింపవలెను. మంచు ఆరకముందు కోసిన కాయ తొక్క బిగువుగా నుండి చిన్న రాపిడికే చిట్లును. ప్రొద్దెక్కిన తరువాత కోయుట మంచిది. కోతగాండ్రు గోళ్లు కత్తిరించుకొనుట, గంప లోపల గోనెపట్టా పరచుట—ఇవి వినుటకు చిన్న మాటలు. బూజునకు ద్వారములు మూయునవి మాత్రము ఇవియే. మాగవేయుటకు వాడు వరిగడ్డి పాతదై, తడిసి ముక్కిన వాసన వేయుచున్నచో దానిని వాడరాదు.

ఇంటియందు పండ్లు కొని తెచ్చుకొనువారికి రెండు మాటలు. పెట్టెలో బూజుపట్టిన పండు కనిపించినపుడు దానిని విదిలింపక, తడిగుడ్డనో కాగితమునో మెల్లగా పైన కప్పి, దానితోనే పొదివి తీసివేయవలెను. అప్పుడు పొడి రేగదు. ఆనుకొనియున్న పండ్లను వేరుచేసి ముందుగా వాడుకొనవలెను. బూజుపట్టిన మేర కోసి తక్కినది తినుట అనేక గృహములలో అలవాటు. మెత్తని రసముగల పండ్ల విషయమున అది మంచిది కాదు. ఆపిలుపండునకు పట్టు నీలిబూజు పాట్యులిన్ అను విషమును తయారుచేయును. అది కుళ్లిన మేరను దాటి లోపలికి ఇంకవచ్చును. తైలములను గూర్చి: లవంగతైలమును, వామపువ్వును పండునకు నేరుగా పూయరాదు. మొక్కనుండి వచ్చినదైనంత మాత్రమున ఏదియు నిరపాయకరము కాదు. చిక్కని తైలము చేతి చర్మమును, కన్నును మండించును, పసిపిల్లలకు అపాయము కలిగించును. ఫలానా నూనె చుక్క వేసిన నెల దినములు పండు చెడదని అమ్మవచ్చువారిని మోతాదు ఎంత, ఏ పండునకు, ఎంత వేడిలో అని అడిగి చూడుడు.

ఆవిరి శక్తిని కన్నులార చూడగోరు విద్యార్థులు ఇంటనే ఒక పరీక్ష చేయవచ్చును. బిగువైన మూతలుగల గాజుసీసాలు మూడు తీసికొనవలెను. ఒక్కొక్కదానిలో రెండేసి నిమ్మకాయలనుంచి, ప్రతి కాయకు సూదితో ఒకే లోతున ఒక గాటు పెట్టి, బూజుపట్టిన నిమ్మకాయను తాకిన పుల్లను ఆ గాటునకు ఆనింపవలెను. మొదటి సీసాలో ఒట్టి గుడ్డమూటను, రెండవదానిలో ఒక చెంచా నలిపిన వాము మూటను, మూడవదానిలో నాలుగు చెంచాల మూటను కాయలకు తగులకుండ మూతక్రింద వ్రేలాడదీయవలెను. మూడింటిని నీడపట్టున ఒకే చోట ఉంచి, మూత తీయక, ప్రతిదినము ఒకే వేళ చూచి వ్రాసికొనవలెను: ఏ కాయ మొదట మెత్తబడినది, నూగు ఏనాడు లేచినది, పచ్చని పొడి ఏనాడు వచ్చినది, బూజు లేకున్నను తొక్కమీద గోధుమరంగు మచ్చ పడినదా అని. పది దినముల పిమ్మట సీసాలను మూతలతోడనే పెరటిలోనికి కొనిపోయి, కాయలను మట్టిలో పూడ్చి, సీసాలను మరుగుచున్న నీటితో కడుగవలెను. ఆ కాయలను తినరాదు.